సీమంతం బల్ల మీద థర్మోకోల్ మబ్బులెందుకు?

తిరుపత్తూరు, వాణియంబాడి, ఆంబూరు, గుడియాత్తం, వేలూరు. ఈ వరసలో ఏ ఊరి కల్యాణ మండపంలో సీమంతం పెట్టుకున్నా ఈ మధ్య మొదట వినబడే ప్రశ్న ఒకటే: ‘థీమ్ ఏంటి?’ ముహూర్తం సంగతి ఆ తర్వాత. మబ్బులూ చందమామా ఒక థీమ్, టెడ్డీ బేర్ ఒకటి, గాలిబుట్టలో ఎగిరే ఏనుగుపిల్ల ఒకటి. ఏది ఎంచుకుంటే దానికి తగ్గట్టు వేదిక వెనక బెలూన్ల తోరణం, ప్రతి భోజనాల బల్ల మీదా దానికి జోడీగా ఒక బొమ్మ. దాన్ని సెంటర్‌పీస్ అంటున్నారు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే మన కుటుంబాల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. థీమ్ లేని సీమంతం వెలవెలబోతుందట. ఆ థీమ్‌ను డబ్బు పుచ్చుకుని చేసేవాళ్లు చేస్తేనే కంటికి ఆనుతుందట. ఇంట్లో ఆడవాళ్లు చేసింది పాతచింతకాయ పచ్చడట.

ఈ నమ్మకం తప్పు. బల్ల అలంకరించడం తప్పని నేననడం లేదు, ఎంత అందంగా అలంకరిస్తే అంత మంచిదే. బల్ల మీద పెట్టేది కడుపుతో ఉన్న మనిషికి పనికొచ్చేదై ఉండాలి, దాన్ని ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్ల చేతులే చెయ్యాలి. నా వాదనంతా ఇదే.

ముందు ఆ బల్ల దగ్గరికే వెళ్దాం. మన మండపాల్లో భోజనాల బల్లలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. పైన కాగితం చుట్ట పరుస్తారు. జనం ఒక వైపే కూర్చుంటారు, వడ్డించేవాళ్లు ఎదుటి వైపు నుంచి సాంబారు బకెట్టుతో నడుస్తూ బల్ల మీదుగా వంగి గరిటె ఆకు మీదికి తెస్తారు. ఆ వంగే చోటే, సరిగ్గా గరిటె వచ్చే దారిలోనే, మూరెడు ఎత్తు థర్మోకోల్ మబ్బు నిలబడి ఉంటుంది. మొదటి పంక్తిలోనే మోచెయ్యి తగిలి అది పక్కకి ఒరుగుతుంది. దాని మీద చల్లిన మెరుపు పొడి పెరుగన్నంలో పడుతుంది. రెండో పంక్తికి ఎవరో దాన్ని తీసి కుర్చీ కింద పెడతారు. మూడో పంక్తి అయ్యేసరికి ఎంగిలాకుల్ని కాగితంతో సహా చుట్టేసినప్పుడు మబ్బు కూడా ఆ చుట్టలోనే పోతుంది. గుండ్రటి బల్ల చుట్టూ పదిమంది ఎదురెదురుగా కూర్చుని తినే దేశాల్లో పుట్టిన వస్తువది. అక్కడ దానికో చోటుంది. అరిటాకు పంక్తిలో లేదు.

చట్టం మాటా చెప్పాలి. తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద 2019 జనవరి 1 నుంచి నిషేధం ఉంది, థర్మోకోల్ పళ్లేలు కూడా అందులో ఉన్నాయి. 2022 జులై 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన జాబితాలో బెలూన్లకు గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మోకోల్ పేరు పెట్టి మరీ ఉన్నాయి. అంటే పుట్టబోయే బిడ్డకు స్వాగతం చెప్పడానికి మనం కొంటున్న వస్తువు ఆ బిడ్డ బతకాల్సిన నేలకు హానికరమని ప్రభుత్వమే తేల్చింది. తెలిసీ కొంటున్నాం.

రంగుల సంగతి ఇంకా బాధాకరం. సగం బల్లల మీద నీలం, సగం బల్లల మీద గులాబి. ‘బాబా, పాపా’ అని అతిథుల చేత పందెం కాయించే ఆట. పుట్టకముందే ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరమైన దేశంలో ఈ ఆటేమిటి? అందులోనూ ఈ ప్రాంతంలోనా? పుట్టిన ఆడపిల్లల్ని చంపేస్తున్నారని తమిళనాడు ప్రభుత్వం 1992లో సేలంలో ఉయ్యాల పథకం మొదలుపెట్టింది. 2001లో దాన్ని విస్తరించిన జిల్లాల్లో మనకు దగ్గర్లోని ధర్మపురి ఒకటి. వద్దనుకున్న ఆడబిడ్డను చంపకండి, ఉయ్యాల్లో వదిలి వెళ్లండి అని ప్రభుత్వం చేతులు జోడించిన నేల ఇది. ఇక్కడ ఏడు నెలల గర్భవతిని కుర్చీలో కూర్చోబెట్టి నీలమా గులాబీనా అని నవ్వుతూ అడగడం నాకు వినోదంగా అనిపించదు. నీలం బల్ల దగ్గర చప్పట్లు ఎక్కువ పడితే ఆమె ముఖం ఎలా మారుతుందో ఎవరూ చూడరు.

మన పాత పద్ధతి మాత్రం ఈ విషయంలో కడిగిన ముత్యమా? కాదు. పుంసవనమంటే మగబిడ్డ కోసం చేసే క్రతువే. సీమంతంలో ఇచ్చే దీవెనల్లోనూ కొడుకు కోరికే ముందుంటుంది. పాతదంతా తిరిగి తలకెత్తుకోమని నేను చెప్పడం లేదు. కానీ పాతదాంట్లో ఏముందో తెలుసుకోకుండానే పారేస్తున్నాం. ఆశ్వలాయన గృహ్యసూత్రం సీమంతోన్నయనాన్ని నాలుగో నెలలో చెయ్యమంటుంది. మనం ఐదు, ఏడు, తొమ్మిది నెలల్లో చేస్తున్నాం, ఆచారం అంత కదిలింది. పాపట తీయడానికి ఆ గ్రంథం చెప్పిన వస్తువులు పచ్చికాయల గుత్తి, మూడు తెల్లచారలున్న ఏదుముల్లు, దర్భలు. కాయలతో నిండిన కొమ్మలాంటి స్త్రీకి కాయల గుత్తే అలంకారం. ఇంతకన్నా పొందికైన థీమ్ ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఆ గృహ్యసూత్రంలోనే మరో రెండు సంగతులున్నాయి. వీణ వాయించేవాళ్లు పాడేటప్పుడు తాము ఏ నది ఒడ్డున బతుకుతున్నారో ఆ నదిని పేరు పెట్టి పాడాలి. ఇంకేం చెయ్యాలన్నది పెద్ద ముత్తైదువలు ఎలా చెబితే అలా. శాస్త్రం రాసినవాళ్లే ఇక్కడికొచ్చేసరికి కలం కిందపెట్టి, మిగతాది ఆడవాళ్లకు తెలుసని ఒప్పుకున్నారు. ఆ అధికారాన్ని ఇవాళ మనం కేటలాగు పట్టుకొచ్చిన కుర్రాడి చేతిలో పెట్టేశాం. ఇక నది మాట. గుడియాత్తం వాళ్లకు చిత్తూరు జిల్లా నుంచి దిగివచ్చే కౌండిన్య ఉంది. వాణియంబాడి, ఆంబూరు, వేలూరు వాళ్లకు పాలారు ఉంది. తోళ్ల పరిశ్రమల మురుగుతో ఆ పాలారు ఎంత చెడిపోయిందో చెప్పడానికి 1996లో సుప్రీంకోర్టు తీర్పు రావాల్సి వచ్చింది. పర్యావరణ చట్టాలు చదివేవాళ్లందరూ ఇప్పటికీ చదువుకునే వేలూరు పౌరుల కేసు అది. పేరు పెట్టి పాడాల్సిన నది ఒడ్డునే, సీమంతం మర్నాడు, థర్మోకోల్ ముక్కలు ఎగురుతుంటాయి.

అసలు సీమంతం ఎందుకు పుట్టిందో వేలూరు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1890ల్లో తిండివనంలో ఒక్క రాత్రి మూడు ఇళ్లలో ముగ్గురు ఆడవాళ్లు పురిటి నొప్పులతో అల్లాడారు. మగ డాక్టరు తాకకూడదని ఇంటివాళ్లు పట్టుబట్టారు. ముగ్గురూ తెల్లారేలోపు చనిపోయారు. ఆ రాత్రి ఆ డాక్టరు కూతురు ఐడా స్కడర్‌ను మార్చేసింది. ఆమె వైద్యం చదివి 1900లో వేలూరుకు వచ్చింది, 1918లో ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల మొదలుపెట్టింది. ఇవాళ దేశమంతటికీ తెలిసిన సీఎంసీ వైద్య కళాశాల అలా వచ్చింది. పురుడంటే పునర్జన్మ అనే మాట మన భాషలో ఊరికే లేదు. తొలిచూలు పిల్లను మధ్యలో కూర్చోబెట్టి, ఇదివరకే ఆ గండం దాటిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేతికి గాజులు తొడిగి, బుగ్గలకు గంధం రాసి, ‘నేను దాటాను, నువ్వూ దాటతావు’ అని చేతి స్పర్శతో చెప్పే రోజు సీమంతం. బెలూన్ తోరణం ముందు వరసగా నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతే ఆ మాట చెప్పే తీరికేది?

ఈ జిల్లాల్లో నేను చూసినంతలో సీమంతానికి తగ్గ బల్లను తీర్చేది అంగన్‌వాడీ టీచర్లు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద తమిళనాడులో పేద గర్భిణులకు సముదాయ వళైకాప్పు జరుపుతారు. కులం, మతం చూడకుండా అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి గాజులు తొడిగి, పసుపు కుంకుమలిచ్చి, రకరకాల చిత్రాన్నాలు పెడతారు. ఆంధ్ర, తెలంగాణల్లో పోషణ మాసమని సెప్టెంబరులో ఇలాంటి సామూహిక సీమంతాలే చేస్తారు. ఈ అంగన్‌వాడీ బల్లలు ఒకసారి దగ్గరగా చూడండి. ముగ్గు పిండికి బదులు రాగులు, పెసలు, శనగలతో వేసిన ముగ్గు. దాని మధ్య మునగాకు, తోటకూర కట్టలు. చుట్టూ గుడ్లు, బెల్లం అచ్చులు, ఖర్జూరాలు, వేరుశనగలు. ఒక్క వస్తువు కూడా ఊరికే పెట్టింది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత. ఆ అంకె ఆ టీచరుకు కంఠతా రాకపోవచ్చు, కానీ తన ముందు కూర్చున్నవాళ్ల కళ్ల కింది రెప్ప తెల్లబడిందో లేదో ఆమెకు తెలుసు. అందుకే ఆ బల్ల. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరుతో తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే ప్రసూతి సాయంలోనూ డబ్బుతో పాటు ఖర్జూరం, నెయ్యి, ఐరన్ సిరప్ ఉన్న సంచి ఇస్తారు. ప్రభుత్వానికి తట్టిన ఇంగితం డబ్బున్న ఇళ్లలో ఎందుకు లోపించింది?

‘అమెరికాలో మన పిల్లలు కూడా ఇలాగే చేసుకుంటున్నారు కదా’ అనేవాళ్లున్నారు. అక్కడి బల్లను సరిగ్గా చూడనివాళ్ల మాట అది. బేబీ షవర్ బల్ల మీద అక్కడ ఎక్కువగా కనిపించే వాటిలో డైపర్ కేక్ ఒకటి. డైపర్లను చుట్టలు చుట్టి, అంతస్తులుగా పేర్చి, రిబ్బను కట్టి కేకులా నిలబెడతారు. పార్టీ అయ్యాక తల్లి దాన్ని ఇంటికి తీసుకెళ్లి, విప్పి, బిడ్డకు వాడుతుంది. వాళ్లూ పనికొచ్చేదే పెట్టారు. మనం అక్కడి నుంచి మెరుపు కాగితం మాత్రమే తెచ్చుకున్నాం.

మన దగ్గర ఏం పెట్టొచ్చు? పెసలూ ఉలవలూ రాత్రి నానబెట్టి, చిన్న మట్టి ముంతల్లో ఎర్రమట్టి పోసి చల్లితే రెండో రోజుకే తెల్ల మొలక పైకి వస్తుంది, వారానికల్లా బెత్తెడు పచ్చదనం నిలుస్తుంది. వంగే గరిటెకు అడ్డం రానంత పొట్టిది ఆ ముంత. దాని మెడకు ఎర్రవీ పచ్చవీ మట్టిగాజులు డజను తొడిగి దారంతో కడితే, వెళ్లేటప్పుడు ప్రతి ఆడమనిషీ తన జత తీసుకుపోతుంది. బల్ల మీద పరచడానికి గుడియాత్తం మగ్గాల మీద నేసిన లుంగీ గుడ్డ ఉంది, ఉతికి మడతపెడితే రేపు బిడ్డ పక్కకింద పనికొస్తుంది. పక్కనే నువ్వులుండలు, చలిమిడి. మొలకలు వారం ముందే వేసుకుంటే, మిగతాదంతా ముందు రోజు మధ్యాహ్నం నలుగురు కూర్చుంటే అయ్యే పని.

నలుగురు ఎక్కడున్నారంటారా? ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీల్లో పొద్దంతా కుట్టుమిషను ముందు కూర్చుని వచ్చే ఆడవాళ్లకు తీరిక లేదన్నది నిజమే. వాళ్ల మీద ఇంకో పని మోపమని నేననను. కానీ ప్యాకేజీకి కట్టే డబ్బు ఇంట్లోంచే పోతోంది. అదే డబ్బు పూలు కట్టే ఆమెకు, గాజులమ్మే అతనికి, ముంతలు చేసే కుమ్మరికి, మగ్గం మీది నేతగాడికి చేరితే మన ఊళ్లోనే ఉంటుంది. అలంకరణ చేసే కుర్రాళ్ల పొట్ట కొట్టాలని కూడా కాదు. మామిడాకులూ మల్లెలూ కట్టడానికి వాళ్లనే పిలవండి, ఆ పనీ వాళ్లకు బాగా వచ్చు.

ఇంట్లోనే చేసుకోమనడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. సూత్రగ్రంథం మాట వినమన్నది భర్తా పిల్లలూ బతికున్న పెద్దామెల మాటే. భర్త పోయిన మేనత్తను, పిల్లలు లేని చిన్నమ్మను గాజుల పళ్లెం దగ్గరికి రానివ్వని పాపం మనం తరతరాలుగా మోస్తున్నాం. థీమ్ పార్టీ వచ్చాక ఆ అడ్డు పోయిందా? పోలేదు. వాళ్లిప్పుడు కూడా వెనక వరసలోనే కూర్చుంటున్నారు, బెలూన్లు మాత్రం ముందుకొచ్చాయి. బల్ల మీది ముంతలు, ఉండలు, గాజుల కట్టలు ఇంట్లో చెయ్యడం మొదలుపెడితే ఆ పనికి మొదట పిలవాల్సింది వాళ్లనే. వాళ్లు కట్టిన గాజులే కోడలి చేతికి ఎక్కాలి. శాస్త్రం మొదటి సగం, అంటే ఆడవాళ్ల మాటకు విలువివ్వడం, ఉంచుకుందాం. రెండో సగం వదిలేద్దాం.

వచ్చే నెలలో మీ ఇంట్లో సీమంతం ఉందా? డెకరేషన్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు కడుపుతో ఉన్న ఆ పిల్లను ఒక్కసారి అడగండి: నీ ఎదుట ఏం పెట్టమంటావు, ఎవరెవర్ని నీ పక్కన కూర్చోమంటావు? ఆమె ఏది చెబితే అది చెయ్యండి.