గృహాలంకారము: గోడకు పూవుల కాగితము

గోడకు సున్నమునకు మారుగా పూవుల కాగితము నంటించు ముచ్చట మన పట్టణములలో పెరుగుచున్నది. ఓపికగల యిద్దరు స్త్రీలు పనివాండ్ర సాయము లేకయే ఒక గోడను ముగింపవచ్చును. కాని కాగితము గోడలోని లోపమును కప్పునే గాని మాన్పదు. కావున ముందుగా గోడను పరీక్షింపవలెను.

అడుగు చదరముగల ప్లాస్టిక్ కాగితమును గోడపై నుంచి, నాలుగంచులను టేపుతో గట్టిగా నంటింపుడు. ఒక పగలు, ఒక రాత్రి గడచిన పిదప ఊడదీసి చూడుడు. లోపలివైపున నీటిచెమ్మ కనబడినయెడల ఆ గోడకు కాగితము తగదు. స్నానపుగది నానుకొనిన గోడలును, వానజల్లు తగులు గోడలును తరచుగా ఇట్టివి. వానిపై కాగితము వేసినచో వెనుక బూజు పట్టును. చెమ్మయు బూజును గల యిండ్లలో ఉబ్బసపు బాధ హెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన గ్రంథము తెలుపుచున్నది. పసిబిడ్డలు పండుకొను గది విషయమున మరింత జాగ్రత్త వలయును.

గోడ పొడిగా నున్నచో, పెచ్చులూడు పాతసున్నమును గీకి, గుంటలను పూడ్చి, గరుకుకాగితముతో రుద్ది, దుమ్ము తుడిచి, పలుచని జిగురు నొకపూత పూసి ఆరనీయుడు. లేనియెడల సున్నముతోబాటు కాగితమును ఊడివచ్చును.

సాధారణముగా కాగితపు చుట్ట వెడల్పు 53 సెంటీమీటర్లు, పొడవు 10 మీటర్లు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల యెత్తుగల గోడకు 7 పట్టీలు కావలెను. చుట్టకు 3 పట్టీల చొప్పున 3 చుట్టలు చాలును. పెద్ద పూవులైనచో పూవునకు పూవు కలుపుటలో కొంత వ్యర్థమగును గనుక మరియొకటి కొనుట మేలు.

గది మూలలు నిటారుగా నుండుట అరుదు. మూలనుండి చుట్ట వెడల్పుకంటె ఒక అంగుళము తక్కువగా కొలిచి, దారమునకు బరువు కట్టి వ్రేలాడదీసి, ఆ వెంబడి పెన్సిలుతో గీత గీయుడు. మొదటి పట్టీ ఈ గీతకే సరిపోవలెను. అది వంకరయైనచో తక్కినవన్నియు వంకరయే.

మైదాగంజి బొద్దింకలను పిలుచును. అంగడిలో దొరకు జిగురుపొడి మేలు. జిగురు పూసిన పట్టీని లోపలికి మడిచి పది నిమిషములు నాననిచ్చి, పైనుండి అంటించి, మెత్తని కుంచెతో నడుమనుండి అంచులకు దువ్వవలెను. నాననీయనిచో గోడపై సాగి బుడగలు లేచును. స్విచ్చుల దగ్గరకు వచ్చునప్పుడు మెయిన్ ఆర్పుట మరువరాదు.

చెమ్మగోడ గల సోదరీమణులు నిరాశపడ నక్కరలేదు. నీరు వచ్చు త్రోవను వెదకి మూయించి, గోడ పూర్తిగా ఆరువరకు వెల్లవేయించుడు. సున్నము చెమ్మను వెలికి పోనిచ్చును, కాగితము పోనీయదు.