టొరంటోలో రెండే రోజులు!

సెప్టెంబరులో టొరంటో వెళ్తున్నానండోయ్! చేతిలో ఉన్నవి రెండే రోజులు. మొదటిరోజు 553 మీటర్ల సి.ఎన్. టవరు, సాయంత్రం పడవెక్కి ఎదురుగా ఉన్న దీవులు. పేచీ అంతా రెండోరోజుతోనే! అప్పుడే అక్కడ ఫిలిం ఫెస్టివల్. 1976లో మొదలైంది. మామూలు ప్రేక్షకులే వోట్లేసి బహుమతి ఇస్తారు. 2008లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్'ని వాళ్ళే గెలిపించారు. ఆస్కార్ ఆ తర్వాతి సంగతి! నాకూ ఓ వోటెయ్యాలని ఉబలాటం.

కానీ అమ్మ, "నయాగరా చూడకుండా వస్తావుట్రా?" అంది. సుమారు 130 కిలోమీటర్లు; పోనూ రానూ రోజంతా సరి. పాత కాలెండరులోని నయాగరా బొమ్మని నాన్నగారు గోడమీంచి తియ్యనిచ్చేవారు కాదు. అసలుది చూడకుండానే పోయారు.

అందుకే రెండోరోజు నయాగరాకే! వోటు మరోసారి వేస్తాను. మీరైతే ఏం చేసేవారు?