లాగే బలం – మోసే బలం

యంత్రయుగంలో మానవునికి బలంపై మోజు పెరిగింది. ఒక వాహనం ఎంత వేగంగా పోతుంది, ఎంత బరువు లాగుతుంది అనే ప్రశ్నలకున్న ఆదరణ, అది ఎంత దూరంలో ఆగుతుంది, ఎంత బరువును క్షేమంగా మోస్తుంది అనే ప్రశ్నలకు లేదు. ఈ వైపరీత్యం మిక్కిలి స్పష్టంగా కనిపించేది అమెరికా రహదారులపై, అక్కడివారు విహారయాత్రలకు వాడే ‘ఫిఫ్త్ వీల్’ ట్రైలర్ల విషయంలో. ఆ దేశంలో స్థిరపడిన తెలుగువారికి, రేపు అక్కడికి వెళ్ళదలచిన మన విద్యార్థులకు ఈ విషయం పరాయిది కాదు. ఇందులోని సూత్రమైతే ఏ దేశపు బాటకైనా వర్తిస్తుంది.

ఫిఫ్త్ వీల్ అనగా ఐదవ చక్రం. పూర్వం నాలుగు చక్రాల గుర్రపు బగ్గీలలో ముందు ఇరుసు ఇరువైపులా తిరగడానికి వీలుగా ఒక వలయాన్ని అడ్డంగా అమర్చేవారు. ఆ వలయానికి వచ్చిన పేరే తరువాత లారీని, ట్రైలరును కలిపే పళ్ళెం వంటి లంకెకు సంక్రమించింది. విశాఖపట్నం రేవు నుండి కంటైనర్లను తెచ్చే పొడవాటి లారీలను పరిశీలించినవారు ఈ లంకెను చూసే ఉంటారు. అమెరికాలో దీన్నే చిన్న పరిమాణంలో చేసి, పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో, వెనుక ఇరుసుకు సరిగ్గా పైన గాని కొంచెం ముందు గాని బిగిస్తారు. పడకగది, వంటగది, స్నానాలగది అన్నీ ఉన్న ఒక ఇల్లే ఈ ట్రైలరు. దాని ముందు భాగాన ఉన్న కింగ్‌పిన్ అనే లావుపాటి ఇనుప మేకు ఆ పళ్ళెంలో చేరి తాళం పడుతుంది.

ఇక్కడ మన రైతును స్మరించక తప్పదు. రెండు చక్రాల ఎద్దుబండిపై బస్తాలు వేసేటప్పుడు ఆయన బరువును ముందుకు, వెనుకకు సర్ది చూస్తాడు. బరువు వెనుకకు మొగ్గితే కాడి పైకి లేస్తుంది. ముందుకు మొగ్గితే ఎద్దుల మెడలు కుంగిపోతాయి. ఎద్దులు లాగే బరువు వేరు, వాటి మెడమీద పడే బరువు వేరు అని ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఫిఫ్త్ వీల్ ట్రైలరు మొత్తం బరువులో సుమారు 15 నుండి 25 శాతం ట్రక్కు మీదనే కూర్చుంటుంది. వెనుక బంపరు దగ్గర తగిలించే మామూలు ట్రైలర్లలో ఇది 10 నుండి 15 శాతం వరకే ఉంటుంది. ఈ అదనపు భారం వల్ల ట్రైలరు అటూ ఇటూ ఊగక నిలకడగా నడుస్తుంది. కాని ఆ నిలకడకు మూల్యం చెల్లించేది ట్రక్కు మెడ.

ఒక చిన్న లెక్క వేద్దాం. సామానుతో నిండిన ట్రైలరు 5,400 కిలోలు అనుకొందాం. అందులో 20 శాతం, అనగా 1,080 కిలోలు ట్రక్కుపై పడుతుంది. లంకె సామగ్రి 80 కిలోలు, నలుగురు మనుషులు 280 కిలోలు, ట్రక్కులో పెట్టిన సంచులు, పనిముట్లు 120 కిలోలు. మొత్తం 1,560 కిలోలు. ప్రకటనలో ఆ ట్రక్కు ‘5,500 కిలోలు లాగగలదు’ అని గొప్పగా ఉంటుంది. కాని డ్రైవరు తలుపు తెరిస్తే, ద్వారబంధం దగ్గర ఉన్న చిన్న చీటీలో, మనుషులు, సామాను కలిపి 750 కిలోలు మించరాదని ఉండవచ్చు. తేలిక రకం ట్రక్కులలో ఇటువంటి అంకె అసాధారణం కాదు. ఇంజను లాగుతుంది, ఇరుసు, స్ప్రింగులు, టైర్లు మోయలేవు. పెద్ద అక్షరాల ప్రకటన అబద్ధం కాదు, అర్ధసత్యం. అర్ధసత్యం అబద్ధం కంటే ప్రమాదకరం.

ప్రమాణాలు లేవా అంటే ఉన్నాయి. 2008లో అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం జె 2807 అనే ప్రమాణాన్ని వెలువరించింది. అంతకుముందు ఏ సంస్థ కొలబద్ద ఆ సంస్థదే. ఈ ప్రమాణం ప్రకారం అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎగుడును, సుమారు 18 కిలోమీటర్ల దూరం, మండు వేసవిలో, శీతల యంత్రం పూర్తిగా నడుస్తుండగా, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కి చూపాలి. ఇది మెచ్చదగిన కఠిన పరీక్ష. అయినా అందులో ట్రక్కులో కూర్చున్నట్లు లెక్కించేది డ్రైవరును, పక్కన మరొకరిని మాత్రమే. పిల్లలు, తాతయ్య, నాయనమ్మ, వారి పెట్టెలు ఆ లెక్కలోకి రారు. అవి చేర్చవలసిన బాధ్యత యజమానిదే.

ట్రక్కును ఎన్నుకోవడంలో మరొక భ్రమ ఉన్నది. ఖరీదు పెరిగితే శక్తి పెరుగుతుందని తలుస్తారు. బరువైన డీజిల్ ఇంజను, తోలు సీట్లు, అద్దపు పైకప్పు ఇవన్నీ ట్రక్కు సొంత బరువును పెంచి, అది మోయగల బరువును తగ్గిస్తాయి. ఒకే పేరు గల రెండు ట్రక్కులలో అలంకారాలు తక్కువైనదే ఎక్కువ మోయడం సాధారణం. కాబట్టి మొదట ట్రైలరు నిండు బరువు తెలుసుకొని, ఆ పిదప దానికి తగిన ట్రక్కును వెదకడం వివేకం. ట్రక్కు ముందే ఉంటే దానికి తగిన చిన్న ట్రైలరుతో తృప్తి పడాలి. వెనుక నాలుగు టైర్లు గల పెద్ద ట్రక్కులలో 2,000 కిలోలకు మించి మోయగలవి ఉన్నాయి గాని, అందరికీ అవి అక్కరలేదు. ఇంటిని కొంచెం చిన్నది చేసుకోవడం కూడా ఒక పరిష్కారమే.

ఇక టైర్ల సంగతి. ఇంత బరువుకూ, భూమికీ నడుమ ఉన్నది అరచేతులంత రబ్బరు మాత్రమే. అమెరికాలో ట్రైలర్లకు ‘ఎస్.టి.’ గుర్తు గల టైర్లు ప్రత్యేకం. పక్కపక్కనే రెండు ఇరుసులున్న ట్రైలరు మలుపు తిరిగేటప్పుడు టైర్లు అడ్డంగా ఈడ్చబడతాయి. ఆ ఒరిపిడిని తట్టుకొనేందుకు వీటి పక్కగోడలు గట్టిగా ఉంటాయి. పై లెక్కలోని ట్రైలరు నాలుగు టైర్లపై మిగిలే బరువు 4,320 కిలోలు, ఒక్కొక్కదానిపై 1,080. 15 అంగుళాల ఒక ప్రసిద్ధ కొలతలో ‘డి’ తరగతి టైరు, చదరపు అంగుళానికి 65 పౌండ్ల గాలి ఉన్నప్పుడు, సుమారు 1,150 కిలోలు మోస్తుంది. పైకి చాలినట్లే కనబడుతుంది. కాని వంటగది ఉన్న వైపు వంద కిలోలు ఎక్కువ పడితే ఆ మిగులు చాలావరకు మాయమవుతుంది. గాలి 50 పౌండ్లకు దిగితే మోసే శక్తి వెయ్యి కిలోలకు లోబడుతుంది. అదే కొలతలో ‘ఇ’ తరగతి టైరు 80 పౌండ్ల గాలితో సుమారు 1,285 కిలోలు మోస్తుంది. చక్రపు రిమ్ము ఆ ఒత్తిడికి తగినదైతే, ఆ కొద్ది తేడాకు పెట్టే డబ్బు దుబారా కాదు.

గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగుతుంది; వంగినకొద్దీ వేడెక్కుతుంది; వేడికి పొరలు విడిపోతాయి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనుకకు తీసుకోవలసి వచ్చింది. అవి ట్రైలరు టైర్లు కావు, కుటుంబాలు తిరిగే వాహనాలవి. ట్రెడ్ ఊడిపోయి జరిగిన ప్రమాదాలలో 270 మందికి పైగా మరణించినట్లు అమెరికా ప్రభుత్వం లెక్క తేల్చింది. ఆ ఏడే వచ్చిన చట్టం ఫలితంగా తేలిక వాహనాలలో టైరు గాలిని తెలిపే పరికరం తప్పనిసరి అయింది. కాని ఆ నిబంధన ట్రైలర్లకు వర్తించదు. నాలుగింటిలో ఒక టైరు చచ్చిపోయినా ముందు కూర్చున్న డ్రైవరుకు తెలియకపోవచ్చు. అందుచేత ఆ పరికరాన్ని స్వయంగా కొని బిగించుకోవడమే మేలు.

ట్రైలరు టైర్లు అరగక ముందే ముసలివవుతాయి. ఏడాదిలో అధిక భాగం ఎండలో నిలిచి ఉండడమే దానికి కారణం. టైరు మీది డి.ఓ.టి. సంకేతంలో చివరి నాలుగు అంకెలు దాని జాతకం: 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందన్నమాట. ఇక వేగం. ఈ టైర్లను చాలాకాలం గంటకు 65 మైళ్ళ వేగానికే ఉద్దేశించారు. ఇప్పుడు అంతకు మించిన వేగపు గుర్తులు గలవి వచ్చినా, 75, 80 మైళ్ళ వేగాన్ని అనుమతించే పశ్చిమ రాష్ట్రాల రహదారులు వాటికి పరీక్షే. పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్న సామెత ఇక్కడ అక్షరసత్యం.

“సంస్థలు కొంత విడుపు ఉంచే అంకెలు వేస్తాయి; ఇన్నేళ్ళుగా నడుపుతున్నాం, ఏమీ కాలేదు” అనేవారున్నారు. ఏమీ కాకపోవడం రుజువు కాదు. కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగం 3,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి దిగే బాటలో బ్రేకులు విఫలమైన లారీల కోసం కంకర పరిచిన తప్పింపు దారులు కట్టారు. ఆ విడుపు కాస్తా మైదానంలో మనమే వాడుకొంటే, దిగుడులో, గాలివానలో, అకస్మాత్తుగా బ్రేకు వేయవలసిన క్షణంలో మిగిలేదేమిటి? దేవునిపై భారం వేశామనడం కూడా సమాధానం కాదు. తవక్కుల్ అంటే జాగ్రత్తకు సెలవివ్వడం కాదు. వాహనం ఎక్కినవారి ప్రాణాలు నడిపేవాని చేతిలో అమానత్.

ఉర్దూలో మీజాన్ అనే మాటకు త్రాసు అనీ, కూడిన మొత్తం అనీ రెండర్థాలున్నాయి. ప్రయాణికునికి రెండూ కావాలి. ముందు కాగితంపై కూడాలి. తరువాత నిండు బండిని కాటాపై నిలిపి తూచాలి. వాహనాలు తూచే స్థలాన్ని మనవారు ‘ధరం కాంటా’ అని ఊరకనే అనలేదు.

మన నేలపై మరో రకం లంకె ట్రాక్టరుకూ ట్రాలీకీ నడుమ కనిపిస్తుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులే ఉండవు. సరుకు కోసం చేసిన వాటిలో కూలీలను, పెళ్ళివారిని, ఉర్సులకు జాతరలకు పోయేవారిని నింపుతాం. 2018లో నల్లగొండ, యాదాద్రి భువనగిరి జిల్లాలలో కూలీలతో పోతున్న ట్రాక్టర్లు కాలువలలో పడి ఎందరో మహిళలు మరణించారు. ఆ ప్రమాదాల తక్షణ కారణాలు వేరు కావచ్చు. బండి ఎంత లాగుతుందో చూసి, ఎవరిని మోస్తున్నదో మరచే అలవాటు మాత్రం రెండు దేశాలకూ ఒకటే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఏటా విద్యార్థులు విహారయాత్రలకు బస్సులలో వెళతారు. బస్సు కుదుర్చుకొనే ముందు అద్దె ఎంత అని అడుగుతాం. దానితోపాటు ఎన్ని సీట్లు, ఎందరు ఎక్కుతున్నారు, టైర్లు ఏ సంవత్సరానివి అనే మూడు విషయాలను ఒక కాగితంపై వ్రాసి, బాధ్యుడైన అధ్యాపకుడు సంతకం చేసిన తరువాతనే బస్సు కదలాలనే నియమం పెట్టండి. పావుగంట పని. విద్యార్థులారా, ఆ టైరు దగ్గర వంగి నాలుగు అంకెలు చదివే పని మీరు తీసుకోండి.