తాయిలం ఎవరిది, భారం ఎవరిది?

ఇంటి తాళాలు చేతికొచ్చేదాకా ఈఎంఐ కట్టనక్కర్లేదు. నోయిడా, గురుగ్రామ్ శివార్లలో ఒకప్పుడు హోర్డింగులకెక్కిన ఈ ఒక్క వాక్యం వేలాది మధ్యతరగతి కుటుంబాలను కోర్టు మెట్లెక్కించింది. పథకం పేరు సబ్‌వెన్షన్. కొనేవారి పేరిట బ్యాంకు రుణం మంజూరు చేస్తుంది, అందులో అధిక భాగాన్ని నేరుగా బిల్డరు ఖాతాలో వేస్తుంది. ఇల్లు అప్పగించేదాకా వడ్డీ బిల్డరు కడతాడు. కాగితం మీద ఇంతకంటే ఉదారమైన బేరం ఉండదు. తిరకాసంతా సంతకం దగ్గరే ఉంది. రుణపత్రం మీద సంతకం బిల్డరుది కాదు, కొనేవారిది. బిల్డరు వడ్డీ కట్టడం మానేసిన మరుసటి నెల నుంచే బ్యాంకు నోటీసులు వాళ్ల ఇంటికి రావడం మొదలైంది. ఒక చేత్తో అద్దె, మరో చేత్తో ఈఎంఐ. ఎదురుగా పిల్లర్ల దగ్గరే ఆగిపోయిన టవర్లు.

నిర్మాణ దశలతో ముడిపెట్టకుండా రుణమంతా ముందే ఇచ్చెయ్యొద్దని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. గృహరుణ సంస్థలు ఇలాంటి పథకాలకు దూరంగా ఉండాలని 2019 జులైలో నేషనల్ హౌసింగ్ బ్యాంకు చెప్పింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బిల్డర్లు, బ్యాంకుల కుమ్మక్కుపై సీబీఐని రంగంలోకి దింపింది. అదే ఏడాది జులైలో 22 కేసుల నమోదుకు అనుమతించింది. అంతకుముందు 2019 జులై 23న ఆమ్రపాలి సంస్థ రెరా రిజిస్ట్రేషన్‌ను రద్దుచేసి, ఆగిపోయిన ఇళ్లు పూర్తిచేసే పనిని ప్రభుత్వరంగ ఎన్‌బీసీసీకి అప్పగించింది కూడా సుప్రీంకోర్టే. ఆ ఒక్క వ్యవహారంలోనే 40 వేలకు పైగా కొనుగోలుదారులు చిక్కుకున్నారు.

ఇంటి కొనుగోలు చుట్టూ తిరిగే తాయిలాలన్నిటికీ ఈ అనుభవం వర్తిస్తుంది. ఇస్తున్నది ఎవరు, దాని ఖర్చు చివరికి ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

ప్రభుత్వం ఇచ్చేవాటినే చూద్దాం. సొంతింటి రుణంపై వడ్డీకి పన్ను మినహాయింపు మధ్యతరగతిని ఇంటివైపు నడిపించిన అతిపెద్ద తాయిలం. 2001లో రూ. 1.5 లక్షలకు చేరిన ఈ పరిమితిని 2014లో రూ. 2 లక్షలు చేశారు. ఆ తర్వాత ఇళ్ల ధరలు ఎక్కడికి వెళ్లాయో చెప్పనక్కర్లేదు, పరిమితి మాత్రం కదల్లేదు. రూ. 50 లక్షల రుణాన్ని 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ. 43,400. మొదటి ఏడాది వడ్డీయే రూ. 4 లక్షలు దాటుతుంది. మినహాయింపు అందులో సగానికి కూడా రాదు.

అది కూడా పాత పన్ను విధానంలో ఉన్నవారికే. 2023-24 నుంచి కొత్త విధానమే అప్రమేయంగా వర్తిస్తోంది. అందులో సొంతంగా నివసించే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, అసలు చెల్లింపుపై వచ్చే రూ. 1.5 లక్షల 80సీ ప్రయోజనమూ లేదు. 2025-26 నుంచి రూ. 12 లక్షల దాకా ఆదాయానికి కొత్త విధానంలో పన్నే పడకుండా రిబేటు ఇచ్చారు కాబట్టి చాలామంది ఉద్యోగులు అటు మళ్లడం సహజం. వారికి 'పన్ను ఆదా కోసం ఇల్లు కొనండి' అనే సలహా ఇప్పుడు అక్కరకు రాదు. అయినా బ్యాంకు ఏజెంట్ల నోట అది ఇంకా వినిపిస్తూనే ఉంది. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకున్న 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. కాబట్టి పాత నంబర్లతో ముద్రించిన కరపత్రాలను పట్టుకుని లెక్కలు వేసుకోకపోవడం మంచిది.

పాత విధానంలో ఉండిపోయినవారికి మరో మెలిక ఉంది. రుణం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు ఇల్లు పూర్తికాకపోతే రూ. 2 లక్షల మినహాయింపు రూ. 30 వేలకు పడిపోతుంది. గతంలో ఈ గడువు మూడేళ్లే ఉండేది, 2016లో పెంచారు. ఆలస్యం చేసింది బిల్డరు, శిక్ష కొన్నవారికి. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే. భార్యాభర్తలిద్దరూ సహ యజమానులుగా, సహ రుణగ్రహీతలుగా ఉంటే ఎవరికివారు రూ. 2 లక్షల దాకా చూపుకోవచ్చు. దస్తావేజులో పేరు లేకుండా ఈఎంఐలో వాటా పంచుకునే భార్యకు గానీ భర్తకు గానీ ఇది వర్తించదు. రిజిస్ట్రేషన్ రోజునే ఆలోచించుకోవాల్సిన విషయమిది.

చిన్న ఆదాయాలవారికి నేరుగా అందేది వడ్డీ రాయితీ. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో గరిష్ఠంగా రూ. 2.67 లక్షలు రుణఖాతాలో జమయ్యేవి. మధ్య ఆదాయవర్గాలకు అది 2021 మార్చితో, మిగతావారికి 2022 మార్చితో ఆగిపోయింది. 2024లో వచ్చిన రెండో విడత పట్టణ పథకంలో లెక్క వేరు. కుటుంబ వార్షికాదాయం రూ. 9 లక్షలు, ఇంటి విలువ రూ. 35 లక్షలు, రుణం రూ. 25 లక్షలు మించకూడదు. మొదటి రూ. 8 లక్షల రుణంపై 4 శాతం రాయితీ. మొత్తం రూ. 1.80 లక్షలు మించకుండా ఐదు వార్షిక వాయిదాల్లో ఇస్తారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నడిబొడ్డున రూ. 35 లక్షలకు ఇల్లు ఎక్కడ దొరుకుతుందన్నది అడక్కూడని ప్రశ్న. శివార్లకు, చిన్న పట్టణాలకు మాత్రం ఇది పనికొస్తుంది. ఢిల్లీలో మహిళ పేరిట కొంటే స్టాంపు డ్యూటీ 2 శాతం, మహారాష్ట్రలో 1 శాతం తగ్గుతుంది. ఇంట్లో ఆస్తి ఎవరి పేరిట ఉండాలన్న పాత వాదనను ఈ రాయితీ కొన్నిచోట్ల నిశ్శబ్దంగా మార్చేసింది. పన్నుల శాఖ చేసిన మంచి పనుల్లో దీన్నొకటిగా లెక్కవేయవచ్చు.

ఇక బిల్డర్ల తాయిలాలు. దసరా, దీపావళి వస్తే బంగారు నాణెం, మాడ్యులర్ కిచెన్, కారు, రెండేళ్ల మెయింటెనెన్స్ ఉచితం. వీటికంటే ధరలో తగ్గింపు అడగడమే లాభం. కారణం సులువు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుపై 2019 ఏప్రిల్ నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది, రూ. 45 లక్షలలోపు చిన్న ఇళ్లకు 1 శాతం. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి 7.5 శాతం. రూ. 80 లక్షల ఫ్లాటుపై రూ. 5 లక్షలు తగ్గిస్తే, ఒప్పంద ధర ప్రభుత్వ విలువకంటే ఎక్కువగానే ఉన్నప్పుడు, పన్నుల్లో మరో రూ. 62,500 దాకా మిగులుతుంది. అదే రూ. 5 లక్షల విలువైన కారిస్తే ఆ మిగులు రాదు సరికదా, కారు ధరపై కూడా కొనేవారే స్టాంపు డ్యూటీ కట్టినట్టవుతుంది. పూర్తయి, అధికారిక ధ్రువీకరణ పొందిన తర్వాత కొనే ఇంటికి జీఎస్టీయే లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బేరమాడేటప్పుడు ఆ మాట గుర్తుచేయడంలో తప్పులేదు.

హైదరాబాద్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన తాయిలం ప్రీలాంచ్. ఇంకా అనుమతులు రాని స్థలంలో, గీతలు తప్ప గోడలు లేని టవర్‌లో చదరపు అడుగు సగం ధరకే ఇస్తామంటారు. షరతు ఒకటే, మొత్తం డబ్బు ఇప్పుడే కట్టాలి. కొందరు భూమిలో అవిభాజ్య వాటా రిజిస్టర్ చేసిచ్చి అదే రక్షణ అంటారు. ఎన్ని అంతస్తులు వస్తాయో తెలియకుండా వందల మందికి పంచిన భూమిలో వాటా ఎవరికి ఏ రక్షణ ఇస్తుందో ఊహించుకోవచ్చు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు మించిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు, కనీసం ప్రకటన కూడా ఇవ్వకూడదు. విక్రయ ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. వసూలైన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. అంటే ప్రీలాంచ్‌లో కొన్నవారు తమను కాపాడాల్సిన ఈ మూడు కంచెలనూ తామే దాటివెళ్తున్నారు.

రెరా నంబరు ఉంటే కళ్లు మూసుకుని కొనవచ్చా అంటే అదీ కాదు. 2024లో హైడ్రా ఏర్పాటయ్యాక చెరువుల ఎఫ్‌టీఎల్ పరిధిలోని కట్టడాలు కూలినప్పుడు చాలామందికి ఒక సంగతి తెలిసొచ్చింది. రిజిస్ట్రేషన్ జరగడం, బ్యాంకు రుణమివ్వడం భూమికి సంపూర్ణ హామీ కాదు. బ్యాంకు న్యాయవాది చూసేది తన రుణానికి భద్రత ఉందా లేదా అన్నదే. కొనేవారు సొంత న్యాయవాదికి పెట్టే కొద్ది వేలు ఇంటి ఖర్చులో అతి తక్కువ, అతి ముఖ్యమైన భాగం. లింకు డాక్యుమెంట్లు కనీసం 30 ఏళ్ల వెనక్కి చూడాలి, ఈసీ తీయాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉండే నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో వెతకాలి. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ హద్దులు అడగాలి. జీపీఏ మీద కొనుక్కుంటే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చిచెప్పింది. ఆ మాట వినని లేఅవుట్లు ఇప్పటికీ ఉన్నాయి.

పాత ఇంటి బేరంలో అందరికీ తెలిసినా ఎవరూ బయటకు అనని మాట నగదు. 'సగం వైట్, సగం బ్లాక్' అన్నది ఇద్దరికీ లాభంగానే కనిపిస్తుంది. కొన్నవారికి స్టాంపు డ్యూటీ, అమ్మినవారికి పన్ను తగ్గుతాయి. కానీ 2015 జూన్ నుంచి స్థిరాస్తి బేరంలో రూ. 20 వేలు, అంతకుమించి నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్నవారికి. దస్తావేజు ధర ప్రభుత్వ విలువకంటే 10 శాతానికి మించి తక్కువైతే ఆ తేడాపై ఇద్దరూ పన్ను కట్టాలి. కొన్నవారికి అసలు దెబ్బ పదేళ్ల తర్వాత తగులుతుంది. రూ. 70 లక్షలు ఇచ్చి రూ. 40 లక్షలకు రిజిస్టర్ చేయించుకున్నవారు తిరిగి అమ్మేటప్పుడు చట్టం దృష్టిలో వారి పెట్టుబడి రూ. 40 లక్షలే. పాత యజమాని తప్పించుకున్న పన్ను కొత్త యజమాని నెత్తిన పడుతుంది.

అమ్మేవారి లెక్కలు 2024 జులై 23 నాటి బడ్జెట్‌తో తారుమారయ్యాయి. అంతకుముందు దీర్ఘకాల లాభంపై ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం పన్ను. ఆ రోజు సర్దుబాటు తీసేసి 12.5 శాతం చేశారు. గగ్గోలు రేగడంతో, ఆ తేదీకి ముందు కొన్న ఇళ్లు, స్థలాలకు రెండింటిలో తక్కువ పన్ను వర్తించేలా ఆగస్టులో సవరించారు. ఏది లాభమన్నది ధర ఎంత పెరిగిందన్న దాన్నిబట్టి ఉంటుంది. 2010-11లో రూ. 30 లక్షలకు కొన్న ఫ్లాటును 2025-26లో రూ. 80 లక్షలకు అమ్మితే పాత పద్ధతిలో పన్ను సుమారు రూ. 2.5 లక్షలు, కొత్త పద్ధతిలో రూ. 6.25 లక్షలు. అదే ఫ్లాటు రూ. 1.5 కోట్లు పలికితే పాత పద్ధతిలో రూ. 16.5 లక్షలు, కొత్తదానిలో రూ. 15 లక్షలు. సెస్ వీటికి అదనం. నత్తనడక నడిచిన ఆస్తులకు సర్దుబాటు, పరుగెత్తిన ఆస్తులకు 12.5 శాతం మేలు.

ఈ వెసులుబాటు దేశంలో నివసించేవారికే. అమెరికాలో స్థిరపడి మియాపూర్‌లోనో గుంటూరులోనో ఉన్న ఫ్లాటు అమ్ముకునే ప్రవాస తెలుగువారికి లేదు. వారి దగ్గర కొనేవారూ జాగ్రత్తపడాలి. స్థానికుల దగ్గర రూ. 50 లక్షలు, ఆపైన ధరకు కొన్నప్పుడు 1 శాతం టీడీఎస్ కోస్తే చాలు. ఎన్నారై అమ్మితే ఆ 1 శాతం వర్తించదు. ముందుగా తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ ధ్రువపత్రం తెచ్చుకోకపోతే, సర్‌చార్జీ, సెస్ కలుపుకుని దీర్ఘకాల లాభాల రేటున మొత్తం ధరపై పన్ను పట్టుకోవాల్సి వస్తుంది. పట్టుకోకపోతే శాఖ అడిగేది కొన్నవారినే.

ఇల్లమ్మిన లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా రూ. 10 కోట్ల దాకా లాభానికి పన్ను తప్పుతుంది. చాలామంది తడబడేది మధ్యకాలంలోనే. రిటర్ను దాఖలు గడువులోపు కొత్త ఇల్లు కుదరకపోతే ఆ డబ్బును బ్యాంకులో మూలధన లాభాల ప్రత్యేక ఖాతాలో వేయాలి. మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి నిశ్చింతగా కూర్చుంటే మినహాయింపు పోతుంది.

రుణం తీరని ఇల్లమ్మేవారికి అసలు పత్రాలు బ్యాంకులో ఉండటమే పెద్ద తలనొప్పి. ఇక్కడ మాత్రం నియమం ప్రజల పక్షాన ఉంది. 2023 డిసెంబరు 1 నుంచి, రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో పత్రాలు తిరిగివ్వాలి. తన వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు రూ. 5,000 చొప్పున చెల్లించాలి. పత్రాలు పోగొడితే నకళ్లు తెచ్చుకోవడానికయ్యే ఖర్చును కూడా భరించాలి. రుణగ్రహీత మరణిస్తే వారసులకు వాటిని ఎలా అప్పగిస్తారో బ్యాంకు తన వెబ్‌సైట్‌లో ప్రకటించి ఉంచాలన్నది కూడా ఆ ఆదేశంలోనే ఉంది.