కొండ అంచున దిగే విమానాలు

హిమాలయాల ఒడిలోని చిన్న విమానాశ్రయాలలో ప్రమాదం జరిగినప్పుడల్లా రెండు మాటలు వినవస్తాయి: వాతావరణం అనుకూలించలేదు, పైలట్ పొరబడ్డాడు. రెండూ నిజమే కావచ్చు. కాని విచారణ అంతటితో ముగియడం సమంజసం కాదని నా అభిప్రాయం.

నేపాల్‌లోని లుక్లానే తీసుకుందాం. ఎవరెస్టు యాత్రికులకు ముఖద్వారమైన ఆ విమానాశ్రయం సుమారు 2,845 మీటర్ల ఎత్తున ఉంది. రన్‌వే పొడవు 527 మీటర్లే. ఒక కొసన లోయ, మరొక కొసన కొండ. ఏటవాలు రన్‌వేపై విమానం ఎగువకు దిగాలి, దిగువకు పరుగెత్తి ఎగరాలి. చివరి క్షణంలో తిరిగి పైకి లేవడానికి తావు లేదు. 2008 అక్టోబరు 8న పొగమంచులో దిగబోయిన ట్విన్ ఆటర్ రన్‌వేకు కాస్త ముందే నేలను ఢీకొని 18 మంది మరణించారు. 2017 మే నెలలో ఒక సరకుల విమానం అక్కడే కూలి పైలట్లిద్దరూ అసువులు బాశారు.

ఇది పొరుగువారి గొడవ అని ఊరుకోలేము. ముక్తినాథ్ యాత్రికులు దిగే జోమ్‌సోమ్ వద్ద 2012 మే 14న డోర్నియర్ కూలి 15 మంది మరణించగా, వారిలో అత్యధికులు భారతీయులే.

కళ్లకు దారి కనిపించనప్పుడు వెనుదిరగడమే ఇటువంటి చోట్ల క్షేమకరం. ఆ క్రమశిక్షణను అమలు జరిపేదెవరు? నేపాల్‌లో విమానాశ్రయాలను నడిపే సంస్థే భద్రతను కూడా తనిఖీ చేస్తూ వచ్చింది. పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకున్నట్లుంది ఈ ఏర్పాటు! 2013లో ఐరోపా సమాఖ్య నేపాల్ విమాన సంస్థలన్నిటినీ తన గగనతలం నుండి నిషేధించడం ఊరకే జరగలేదు.

అయితే హితబోధ చేసే ముందు మన ఇంటిని కూడా చూసుకోవాలి. లోక్‌సభ స్పీకర్ బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ 2002 మార్చి 3న కైకలూరు వద్ద చేపల చెరువులో కూలిన విషాదాన్ని తెలుగువారు మరువలేదు. తర్వాత 2012లో ప్రమాద విచారణకు ప్రత్యేక సంస్థ ఏర్పడిన మాట నిజమే. కాని దానిని పౌర విమానయాన శాఖ కిందనే ఉంచారు.

చిన్న విమానాశ్రయాలను మూసివేయడం పరిష్కారం కాదు. కొండప్రాంతాలలో రోగికి అదే అంబులెన్సు. విశ్వసనీయమైన వాతావరణ సమాచారం, వెనుదిరిగిన పైలట్‌ను యజమాని దండించకుండా రక్షణ, ఎవరి అదుపాజ్ఞలకూ లోబడని విచారణ సంస్థ: ఈ మూడింటినీ ఢిల్లీ, కాఠ్‌మాండూ ప్రభుత్వాలు రెండూ సమకూర్చాలి. లేనిచో మరుసటి ప్రమాదానికి కూడా పొగమంచే ముద్దాయి అవుతుంది.