పచ్చి బాలింతను బిడ్డకు దూరం చేస్తారా?

హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి వెళ్లి బెంగళూరులో కాపురాలు పెట్టిన తెలుగు కుటుంబాలకు లెక్కలేదు. తొలి కాన్పుకు పుట్టింటికి రావడం, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగి వెళ్లడం ఆనవాయితీ. వీలుకానిచోట అమ్మే బస్సెక్కి అక్కడికి వెళ్తుంది. ఇలాంటి ఇళ్లలో బాలింతకు ఎగ్జిమా తిరగబెడితే దాన్ని జబ్బుగా లెక్కచేసేవారు తక్కువ. మోచేతి మడతలు ఎర్రబడి, వేళ్లు పగిలి రసి కారుతూ, రాత్రంతా గోక్కునే తల్లికి చివరికి దక్కేది ‘బిడ్డకు అంటుకుంటుంది, ఎత్తుకోవద్దు’ అన్న మాట. కొన్నిచోట్ల చనుబాలు మాన్పించి డబ్బా పాలు పట్టిస్తారు. ఎంత అన్యాయం! ఎగ్జిమా అంటువ్యాధి కానే కాదు.

చిక్కు పేరులోనే ఉంది. ఎగ్జిమానూ తామర అంటారు, ఫంగస్‌తో గుండ్రంగా పాకే మచ్చనూ తామరే అంటారు. రెండోది అంటుకుంటుంది, మొదటిది అంటుకోదు. మందులూ వేర్వేరు. కానీ తామర అన్న మాట చెవిన పడగానే స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు చేతిలో పెట్టే మందుల షాపులు సరిహద్దుకు ఇటూ అటూ ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా పలు స్టెరాయిడ్ క్రీములు అమ్మరాదని 2018లో కేంద్రం వాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కాగితం మీద నిబంధన గట్టిదే.

చిన్నప్పటి నుంచి ఎగ్జిమాయో, ఉబ్బసమో ఉన్నవారికి కాన్పు తర్వాత అది విజృంభించడం వింత కాదు. హార్మోన్లు ఒక్కసారిగా మారతాయి, నిద్ర ఉండదు, చేతులు రోజంతా నీళ్లలో నానుతుంటాయి. దానికి తోడు పురిటి మర్యాదలు. పొగలు కక్కే వేడినీళ్లు బిందెలకు బిందెలు గుమ్మరించడం, సున్నిపిండితో గరగరా రుద్దడం, సాంబ్రాణి పొగ... ఆరోగ్యవంతురాలికి హాయి కావచ్చు గానీ, పగిలిన చర్మానికి అవి నిప్పుల మీద ఉప్పే. బెంగళూరు బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, దాంతో ఇంకాస్త రుద్దుతారు, చర్మం ఇంకాస్త ఎండుతుంది. ఇక పథ్యం పేరుతో వంకాయ మొదలు చేప దాకా అన్నీ మాన్పించి పాలిచ్చే తల్లిని నీరసపరచడం మరో తంటా. ఫలానాది పడదని తేలితే తప్ప ఏదీ మానక్కర్లేదు.

గోరువెచ్చటి నీళ్లతో త్వరగా స్నానం ముగించి, ఒళ్లు తడి ఆరకముందే వాసన లేని పెట్రోలియం జెల్లీ రాస్తే సగం ఉపశమనం. డాక్టరు రాసిన స్టెరాయిడ్ క్రీము, చెప్పినంత మేరకు వాడితే చనుబాలకు అడ్డు కాదు. చూపుడు వేలి కొస కణుపు పొడవున పిండిన క్రీము రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. చనుమొనల దగ్గరైతే పాలిచ్చాక రాసి, మళ్లీ ఇచ్చేముందు తుడిచేయాలి. మాత్రల దగ్గర మాత్రం జాగ్రత్త. మెథోట్రెక్సేట్ లాంటివి పాలిచ్చేటప్పుడు పనికిరావు. పసుపు చెక్కు కట్టినా, జ్వరంతో నీటిపొక్కులు గుంపుగా లేచినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. అది హెర్పిస్ అయితే పసికందుకు ప్రమాదం. పొక్కులున్న రొమ్ము పట్టించకూడదు.

బెంగళూరులో విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వాసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. వాణీవిలాస్‌లో కాన్పయిన వారికి విక్టోరియా పక్కనే. దురదతో నిద్ర కరవై, ఏడుపు ఆగక, బిడ్డ మీద ధ్యాసే పోయిందంటే దాన్ని ‘బాలింత బెంగ’ అని కొట్టిపారేయరాదు. నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపే ఉంచి చూసే ప్రత్యేక విభాగం 2009 నుంచి ఉంది. 2022లో మొదలైన టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లోవాళ్ల పని ఇంకోటి ఉంది. ఉద్యోగినికి చట్టం 2017 సవరణతో తొలి రెండు కాన్పులకు 26 వారాల సెలవిచ్చింది గానీ, అంట్లకూ పొత్తిగుడ్డలకూ సెలవివ్వలేదు. డిటర్జెంటు నీళ్లు ఆ చేతులకు తగలనంత కాలమే మందు పనిచేస్తుంది. రబ్బరు గ్లౌజులు, వాటి లోపల నూలు గ్లౌజులు తొడుక్కోమనడం కంటే, ఆ ఉతుకుడేదో కొన్నాళ్లు భర్త చేస్తే సరి. ఆయన చేతులకు ఎగ్జిమా లేదుగా!