అది విధి కాదు, వేయని ముడి

పోయిన నెల మా షోలాపూర్‌లో ఒక చిన్న సభ జరిగింది. కొండల్లో చనిపోయిన నా మిత్రుడి పేరిట మా పేట తెలుగు సంఘంవాళ్ళు పన్నెండేళ్ళుగా బడిపిల్లలకు నోటుపుస్తకాలు పంచుతున్నారు. ఆ సభే ఇది. అధ్యక్షత వహించిన పెద్దాయన లేచి, గొంతు సవరించుకొని, "కొండను ప్రేమించినవాణ్ణి కొండే తన ఒడిలోకి తీసుకుంది. విధి రాతను ఎవరు తప్పించగలరు?" అన్నారు. చప్పట్లు మోగాయి. నా వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో మెల్లగా, "ఒక్కడే కొడుకాయె. గుట్టలెక్కకుంటే ఏం పోయింది వానికి?" అంది.

చప్పట్లు కొట్టించుకున్న ఆ మాట పెద్దాయనది కాదు, నాది. పన్నెండేళ్ళ కింద సంఘం ప్రత్యేక సంచికలో నివాళి రాసింది నేను. ఒడి నాది, విధి నాది. ఆయన నోటికి పట్టి అప్పజెప్పారు, అంతే. ఆ వాక్యం అబద్ధమని నాకు రాసేనాడే తెలుసు. ఇవాళ దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకుంటూ, వెనక వరస ఆవిడకు కూడా జవాబు చెప్పుకోవలసి ఉంది.

ముందు మనిషి సంగతి. వాళ్ళ నాయన చద్దర్ల కార్ఖానాలో మగ్గం నడిపేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. తాత నాడు కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన ఇల్లు. ఈ పత్రిక చదివే షోలాపూర్, భీవండి వాళ్ళకు ఈ మూడు ముక్కలు చాలు, మిగతాది వాళ్ళకే తెలుసు. చదువుకు పుణే పోయినప్పుడు మరాఠీ స్నేహితుల వెంట కోటలెక్కడం మొదలుపెట్టాడు. ముందు మెట్లున్న కోటలు, తర్వాత 'కడా'లు, అంటే నిట్టనిలువు చరియలు, ఆ తర్వాత 'సుళకా'లు, అంటే కొండ నుంచి విడిపడి ఒంటిగా నిలిచిన రాతి స్తంభాలు. ఈ విద్యంతా అతను మరాఠీలోనే నేర్చాడు. మాటలు మాత్రం ఇంటికి తెచ్చుకొని మార్చుకునేవాడు. నడుముకు కట్టుకునే పటకాను 'మోకు' అనేవాడు.

ఒకసారి నన్ను జున్నర్ దగ్గర నాణేఘాట్‌కు తీసుకుపోయాడు. సాతవాహన రాణి నాగానిక శాసనం ఉన్న గుహ చూపించి, "మనోళ్ళు రెండువేల ఏండ్ల కింద ఈడ రాయి మీద రాసిపెట్టిన్రు. మనల్ని బయటోళ్ళు అంటరేంది?" అని నవ్వాడు. సాతవాహనులు ఎవరివాళ్ళన్న పేచీ నాకిక్కడ వద్దు. ఆ రోజు అతను తాడు పట్టుకున్న ప్రతివాణ్ణీ నిలబెట్టి, కట్లు తడిమి చూసి, తలకు టోపీ లేని ఒక కుర్రాణ్ణి వెనక్కి పంపేశాడు. అది మాత్రం గుర్తుపెట్టుకోండి. అతను నిర్లక్ష్యపు మనిషి కాడు.

ఇక చావు సంగతి. 'కొండ ఎక్కుతూ చనిపోయాడు' అంటాం. ఆ మాటే తప్పు. ఎక్కడం అయిపోయింది. అతను దిగుతూ చనిపోయాడు. నేనక్కడ లేను. ఉన్న ముగ్గురి దగ్గర విడివిడిగా విన్నాను, ముగ్గురూ ఒకటే చెప్పారు.

దిగేటప్పుడు తాడును రెండు పేటలు చేసి, నడిమి భాగాన్ని పైన రాతిలో దిగగొట్టిన కడియంలోంచి పోనిచ్చి, రెండు కొసలూ కిందికి వదులుతారు. దిగేవాడి పటకాకు ఎనిమిది అంకె ఆకారంలో ఒక లోహపు బిళ్ళ ఉంటుంది. తాడు ఆ బిళ్ళలోంచి ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడే మనిషిని నిలబెడుతుంది. అందరూ దిగాక ఒక కొస పట్టి లాగితే తాడంతా కిందికి వచ్చేస్తుంది. ఇందులో ఒక ప్రమాదం ఉంది, చాలా పాతది. తాడు కింది అరుగు దాకా అందకపోయినా, రెండు కొసల్లో ఒకటి పొట్టిదైపోయినా, చూసుకోకుండా చివరిదాకా జారినవాడి బిళ్ళలోంచి తాడు బయటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత పట్టుకోవడానికి ఏమీ ఉండదు. విరుగుడు కూడా అంత పాతదే. రెండు కొసలకూ చెరొక లావు ముడి. అది బిళ్ళకు అడ్డుపడి ఆపేస్తుంది. వేయడానికి అరనిమిషం చాలు.

ఆ సాయంత్రం ఆ ముడి వేయలేదు. చలికాలపు పొద్దు, త్వరగా వాలుతోంది. కింద పొదలున్నాయి, ముడి ఉంటే తాడు చిక్కుకుంటుంది, చీకటి పడుతుందని ఒకరన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, ముడి చిక్కుకోవడం ఉంది. మిగిలినవాళ్ళు సరే అన్నారు. సరే అన్నవాళ్ళలో నా మిత్రుడూ ఉన్నాడు. ఒక కొస పొట్టిగా ఉంది. మొదట దిగింది అతనే.

ఆ తాడు అతని సంచితోపాటు ఇంటికి వచ్చింది. పైనుంచి రాయి పడి తాడు తెగిందని ముసలాయనకు చెబుదామని మేమంతా ముందే అనుకున్నాం. చెప్పింది నేను. ఆయన ఏమీ అనలేదు. పదకొండో రోజు పోయేసరికి ఆ తాడు మొత్తం ఇంటి ముందు పరచుకొని, ఒక కొస నుంచి వేళ్ళతో తడుముకుంటూ వస్తున్నాడు. నలభై ఏళ్ళు తెగిన పోగులు వెతికి అతికిన వేళ్ళవి.

"యాడ తెగింది బిడ్డా?" అన్నాడు.

నేను మాట్లాడలేదు.

"తెగలే గద," అన్నాడు.

అంతకు మించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మరుసటి నెల నా నివాళి అచ్చయింది. దాన్ని మడిచి దేవుడి పటాల వెనక దాచుకున్నాడని తర్వాత తెలిసింది. పోయిన ఏడు ఆయనా పోయాడు. ఆయన బతికుండగా ఈ మాటలు రాయలేకపోవడం దయ అనుకున్నాను. పిరికితనం అని ఇప్పుడు తెలుస్తోంది.

ఇప్పుడు ఒక్కొక్క మాటే తీసుకుందాం.

మొదటిది విధి. ఈ మాటలో ఒక సుఖం ఉంది. అనగానే విచారణ ముగిసిపోతుంది, ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు. అయ్యా, మనది నేతపని చేసే పేట. మగ్గం మీద పడుగులో పోగు తెగితే విధి అని చేతులు కట్టుకుంటామా? మగ్గం ఆపుతాం, ఎక్కడ తెగిందో చూస్తాం, అతికి మళ్ళీ నడుపుతాం. చద్దరుకు చూపే శ్రద్ధ మనిషికి చూపమా?

విధి అనకుండా అడిగిన చోట ఏదో ఒకటి కదిలింది. 2018 మార్చిలో తమిళనాడులో తేని జిల్లా కురంగణి అడవిలో మంటలు చుట్టుముట్టి, కొండ నడకకు వచ్చినవాళ్ళు ఇరవైమందికి పైగా చనిపోయారు. ఏ దారికి అనుమతి ఉంది, ఏ దారిన తీసుకుపోయారు అని జనం నిలదీశారు. అదే ఏడు అక్కడి ప్రభుత్వం కొండ నడకలకు నియమాలు తెచ్చింది. 2024 జూన్‌లో కర్ణాటక నుంచి ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్‌కు పోయిన బృందంలో 9 మంది మంచుగాలికి చిక్కి చనిపోయారు. బెంగుళూరు పాఠకులు ఆ వారం మరిచి ఉండరు. గాలి మనచేతిలో లేదు, నిజమే. గాలి లేచే వేళకు అంత ఎత్తున ఎందుకున్నారన్నది మాత్రం మనుషులు మనుషులను అడగవలసిన ప్రశ్న.

రెండోది, వెనక వరస ఆవిడ మాట. మనకెందుకు గుట్టలు? అమ్మా, మనం ఎక్కని కొండ ఏది? అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళు మనలో ఉన్నారు. కోయంబత్తూరు దగ్గర వెళ్ళియంగిరి ఏడు కొండలు ఎక్కుతూ 2024లో పలువురు యాత్రికులు చనిపోయారు. వాళ్ళను ఎవరూ 'ఏం పోయింది వానికి' అనలేదు. పైన దేవుడుంటే యాత్ర, లేకపోతే పిచ్చి. ఇదేం లెక్క?

'కూటికోసం ఎక్కితే అర్థం ఉంది, వీడు సరదాకు ఎక్కాడు' అనవచ్చు. ఇది న్యాయమైన మాటే, కనుక నిలబడి జవాబు చెబుతాను. కూటికోసం ఎక్కినవాడి చావును మనం పట్టించుకున్నామా? మోకు, ముత్తాదు వేసుకొని తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ఎన్ని తరాలుగా జారిపడి చనిపోయాడు, నడుం విరిగి మంచాన పడ్డాడు? అతన్ని కూడా విధి అనే కదా సాగనంపాం? 2024లో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు సామాను ఇవ్వడం మొదలుపెట్టింది. పటకాలు, తాళ్ళు, కొక్కేలు. కొండలెక్కేవాళ్ళ సంచిలో ఉండేవాటికి ఇవి దగ్గరి చుట్టాలు. సరదాకు ఎక్కినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకొని నేర్చిన జాగ్రత్త కూటికి ఎక్కేవాడికి అక్కరకు వచ్చింది. సరదాను చిన్నచూపు చూసేముందు దీన్ని తూకం వేయండి.

ఇంకో మాట. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల ఆడపిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. 'మన బిడ్డ' అని మా పేటలోనే మిఠాయిలు పంచారు. పంచినవాళ్ళే నా మిత్రుణ్ణి పిచ్చివాడన్నారు. ఎక్కి దిగితే మన బిడ్డ, దిగలేకపోతే పరాయి. ఆ పిల్ల ఎవరెస్టుకు ముందు భువనగిరి రాతికొండ మీద తాడు పట్టడం నేర్చింది, తర్వాత మంచుకొండల్లో నేర్చింది. మిఠాయి పంచిన రోజున ఆ నేర్పు గురించి ఒక్కరం మాట్లాడలేదు.

మూడోది, అన్నిటికంటె తీయనిది, అందుకే నాకు ఎక్కువ కోపం తెప్పించేది. 'ప్రేమించిన పనిలోనే పోయాడు, కొండ తనలో కలుపుకుంది.' 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో చనిపోయారు. ఏప్రిల్‌లో గాని జాడ దొరకలేదు. అక్కడి నుంచి నెల్లూరు జిల్లాలోని సొంత ఊరికి తెచ్చారు. అప్పుడు కూడా నేను చదివిన నివాళుల్లో నా వాక్యమే నాకు ఎదురైంది, కొండ పేరు మాత్రం వేరు. ఒకసారి ఆలోచించండి. అన్ని శిఖరాల నుంచి దిగివచ్చిన మనిషి కొండలో కలిసిపోవడానికి పోతాడా? కొండకు పోయేవాడు తిరిగి రావడానికే పోతాడు. తాడు అందుకే, కడియం అందుకే, ముడి అందుకే.

కొండకు ప్రేమ లేదు, ఒడీ లేదు. సహ్యాద్రి అంటే లావా పొర మీద పొరగా పేరుకున్న నల్లరాయి. భువనగిరిలా ఏకశిల కాదు. వానలకు నాని, ఎండకు పగిలి, చేతిలోకి ఊడివస్తుంది. చరియలకు తేనెపట్లుంటాయి, కదిపితే ఈగలు లేస్తాయి. దాన్ని తల్లి అనో ప్రియురాలు అనో పిలిచినవాడు రాయిని చూడడం మానేస్తాడు. కవిత్వం ఎక్కడైనా పనికొస్తుంది గాని కొక్కెం బిగించే చోట కాదు.

ఇక చివరి ఆక్షేపణ నాకు ముందే వినిపిస్తోంది. చచ్చినవాడి తప్పు పన్నెండేళ్ళకు తవ్వి తీయడం సంస్కారమా? అతను బతికుంటే ముందుగా అడిగేది అతనే. తలకు టోపీ లేదని కుర్రాణ్ణి వెనక్కి పంపినవాడు. అంత జాగ్రత్త కలవాడు ఒక్క సాయంత్రం తొందరపడ్డాడు. నేను చెప్పదలచిందే అది. జాగ్రత్తను మనిషి గుణానికి వదిలేస్తే ఏదో ఒక సాయంత్రం ఆ గుణం అలసిపోతుంది. అది గుంపు అలవాటు కావాలి. 'ముడి వేశావా?' అని ఒకడు అడగనిదే ఇంకొకడు దిగకూడదు. తప్పు దాచితే చచ్చినవాడికి ఒరిగేది లేదు. వచ్చే చలికాలం అదే సుళకా దిగే పిల్లవాడికి మాత్రం నష్టం.

సంఘం పెద్దలకు నా మనవి. నా వాక్యాన్ని ఇక చదవకండి. నోటుపుస్తకాలు పంచండి, కాదనను. వాటితోపాటు ఏడాదికొక ఆదివారం లోనావళా, ఖోపోలి వైపు కొండల్లో చిక్కినవాళ్ళను దించుకొచ్చే స్వచ్ఛంద దళాలవాళ్ళను ఒకరిని పిలిపించండి. వాళ్ళు డబ్బు కోసం ఆ పని చేసేవాళ్ళు కారు. మన పేట పిల్లలు కోటలకు పోవడం మానలేదు, మానరు. తల్లులకు చెప్పకుండా పోతున్నారు, అంతే. చెప్పి పోయేటట్టు, నేర్చుకొని పోయేటట్టు చేయండి.

ఈ పత్రిక సంపాదకులకూ ఒక మాట. మన పత్రికలు నివాళులు అచ్చేస్తాయి. ఎలా పోయాడో అచ్చేయవు. పొరుగు భాషల్లో బతుకుతున్న మనం తెలుగును పాటకూ కన్నీటికీ మాత్రమే ఉంచుకొని, పనికొచ్చే సంగతులన్నీ మరాఠీకో, కన్నడానికో, తమిళానికో, ఒరియాకో, ఇంగ్లీషుకో వదిలేశాం. తాడు కొసన ముడి ఎందుకు వేయాలో తెలుగులో ఒక పేరా నాకింతవరకు ఎక్కడా కనబడలేదు. అందుకే పైన విసుగు పుట్టేటంత వివరంగా రాశాను. అది కొట్టివేయవద్దని కోరుతున్నాను.

వచ్చే ఏడు సభలో నా పాత నివాళికి బదులు ఈ రెండు వాక్యాలు చదవాలని సంఘాన్ని వేడుకుంటున్నాను. ముసలాయనకు నేను బాకీపడ్డ జవాబు కూడా ఇదే.

తాడు తెగలేదు. కొసన ముడి వేయలేదు.